పడికట్టు మనిషి

మనకేం వచ్చో మనకు తెలుసని అందరం అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేదాన్ని. పక్షవాతం వచ్చి తేరుకున్న మనిషి ముందు ఒక కాగితం పెట్టి, "స్టవ్ వెలిగించడం వచ్చా? చొక్కా గుండీలు పెట్టుకోవడం వచ్చా? రోడ్డు దాటడం వచ్చా?" అని అడగండి. నూటికి తొంభై మంది "బాగా వచ్చు" అన్న గడిలో టిక్కు పెడతారు. ఇంటికెళ్ళి గ్యాస్ తిప్పేసి, తర్వాత ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోతారు. వాళ్ళేం అబద్ధమాడలేదు. చేతులు పని మరిచిపోయిన సంగతి మనసుకి ఎవరూ కబురు చెయ్యరు, అంతే.

అందుకే మేం తరాజుని తయారు చేశాం.

విశాఖపట్నంలో సముద్రం కనిపించే ఒక కొండ మీద ఉండేది మా పునరావాస కేంద్రం. డైరెక్టరు పట్నాయక్ గారు నరాల వైద్యుడు. నేను యంత్రాల మనిషిని, పేరు హైమవతి. అప్పటికి ముప్పై ఏడేళ్ళు, ఒంటరి కాపురం. వంటలో నా పాండిత్యం నూడుల్స్ దగ్గర మొదలై అక్కడే ముగిసేది.

తరాజు అంటే రెండు కుర్చీలు, రెండు తీగల టోపీలు, మధ్యలో ఒక పెట్టె. ఎడమ కుర్చీలో రోగి కూర్చుంటాడు. కుడి కుర్చీలో ఆ పని నిక్షేపంగా వచ్చినవాళ్ళు కూర్చుంటారు. ఇద్దర్నీ కళ్ళు మూసుకోమని, "బియ్యం కొలిచి కడగండి" అంటాం. చెయ్యి కదపక్కర్లేదు, మనసులో చేస్తే చాలు. పని వచ్చిన మెదడులో ఆ మాటకి ఒక మెరుపుల వరస నడుస్తుంది. రెండు వరసల్నీ పక్కపక్కన పెట్టి, కుడి కుర్చీ నూరైతే ఎడమ కుర్చీ ఎంతో పెట్టె చెబుతుంది.

చిక్కల్లా కుడి కుర్చీ దగ్గరే వచ్చింది. మా కుర్ర వైద్యుల్ని కూర్చోబెడితే సగం పనులు వాళ్ళకే రావు. నన్ను కూర్చోబెడితే నవ్వులపాలు. మూడో రోజున క్యాంటీన్ బంగారమ్మ టీ తెచ్చింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. మాతో కబుర్లాడుతూనే, గ్లాసుల వంక చూడకుండా, "లాభం, రెండు, మూడు..." అంటూ ఆరు గ్లాసుల్లో ఒక్క చుక్క తేడా లేకుండా టీ పోసింది. గింజలు కొలిచేటప్పుడు ఒకటి అనకుండా లాభం అనడం పాతవాళ్ళ అలవాటు. బంగారమ్మ గింజలే కాదు, గ్లాసులూ మెట్లూ కూడా అలాగే లెక్కపెట్టేది. పట్నాయక్ గారు టీ తాగడం మానేసి ఆవిడ చేతుల వంకే చూస్తూ ఉండిపోయారు.

రోగుల్ని అడిగే నలభై పనుల కాగితం ఆవిడకి చదివి వినిపించాను. "బాగా వచ్చు, కొంచెం వచ్చు, రాదు. దేని దగ్గర టిక్కు పెట్టమంటావు?"

"వొచ్చో రాదో కాగితానికేటి తెల్సమ్మా? సెయ్యెడితే గదా తెల్సేది" అని కొంగు బొడ్లో దోపుకుంది. ఏ పని మొదలుపెట్టినా ముందు ఆవిడ చేసేది అదే.

నలభయ్యో పని సంతకం. అక్కడ మాత్రం నవ్వి, సిరా మరక ఉన్న బొటనవేలు చూపించింది. ఆ ఒక్కటీ కొట్టేశాం. మిగతా ముప్పై తొమ్మిదింటికీ ఆవిడే మా పడికట్టు.

మా తాత భీమిలి సంతలో ఎండుచేపలు అమ్మేవాడు. ఇనపగుండ్లు లేనప్పుడు ఒక రాయిని సరైన తూకానికి సరిచూసుకుని, ఇక ఏళ్ళ తరబడి దాంతోనే తూచేవాడు. దాన్ని పడికట్టు రాయి అంటారు. ఆ మాట నేనే పట్నాయక్ గారికి చెప్పాను. ఆయనకి తెగ నచ్చింది. ఆ రోజు నుంచి బంగారమ్మ ఉదయం మూడు గంటలు కుర్చీలోనూ, తర్వాత వంటింట్లోనూ ఉండేది.

నెల తిరక్కుండానే వింత జరిగింది. కొలవడానికి పెట్టిన యంత్రం నయం చెయ్యడం మొదలుపెట్టింది. ముప్పై దగ్గరున్నవాళ్ళు నాలుగుసార్లు కూర్చునేసరికి అరవైకి వచ్చారు. ఓడరేవులో ఓడల్ని దారి చూపి లోపలికి తెచ్చే పని చేసి రిటైరైన రామభద్రరాజు గారు, కుడిచెయ్యి పడిపోయి వచ్చిన మనిషి, ఏడోసారి తర్వాత మా శిక్షణ వంటింట్లో ఉల్లిపాయ తరిగారు. అందరం చప్పట్లు కొట్టాం. ఎలా అని పట్నాయక్ గారిని అడిగితే, "మెదడు ఎదురుగా మంచి నమూనా చూసి తనను తాను దిద్దుకుంటోంది హైమా" అన్నారు. వినడానికి బాగుంది. నమ్మేశాను. ఊరికే వచ్చింది ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగకపోవడం మనిషికి పుట్టుకతో వచ్చిన విద్య. ఏ శిక్షణా అక్కర్లేదు.

ఐదో నెలలో రాజు గారికి నూట నాలుగు వచ్చింది. నూరు దాటిన మొదటి మనిషి! పట్నాయక్ గారు మాడుగుల హల్వా తెప్పించారు. తర్వాత వరసగా నూట పన్నెండు, నూట ఇరవై, నూట నలభై. మేం హల్వా తింటూనే ఉన్నాం.

ఆ రోజుల్లోనే ఒకసారి బంగారమ్మ టీలో ఉప్పు వేసింది. మరోసారి కూరల సంచి ముడి ఎదురుగా పెట్టుకుని పావుగంట కూర్చుంది. నేను వెళ్ళి విప్పాను.

"ఏటో అమ్మా, సేతులు మరిసిపోతన్నాయి" అంది.

"వయసు కదా" అన్నాను. అయినా అనుమానం ఉంచుకోవడం ఎందుకని, కుడి కుర్చీ మనిషిని చూసే మీట నొక్కాను. నూరు. "నూటికి నూరు బంగారమ్మా. నీకేం, రాయిలా ఉన్నావు" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇవాళ్టికీ నా మొహం నేను అద్దంలో చూసుకోలేను.

ఏడో నెలలో ఒక ఉదయం, శిక్షణ వంటింటి గాజు తలుపు బయట నిలబడి లోపలికి చూస్తున్నాను. ఆరుగురు మగాళ్ళు ఒక్కో స్టవ్ ముందు ఉన్నారు. ఒకాయన బ్యాంకు మేనేజరు, ఒకాయన లెక్కల మాస్టారు, మిగతావాళ్ళూ అలాంటివాళ్ళే. "మొదలుపెట్టండి" అని గంట మోగింది. ఆరుగురి ఎడమచేతులూ ఒక్కసారే భుజం మీదికి వెళ్ళాయి. అక్కడ లేనిదాన్ని దేన్నో పట్టుకుని ముందుకి లాక్కున్నాయి. చుట్టి, నడుం దగ్గర దోపాయి. ఆరుగురికీ ఆ సంగతి తెలీదు. ఆరుగురూ స్టవ్ వెలిగించారు.



ఆ వారమే రాజు గారి భార్య సుభద్ర గారు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. సంతోషంగా ఉండాల్సిన మనిషి మొహం పాలిపోయి ఉంది.

"ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఈయన గ్లాసుడు మంచినీళ్ళు ముంచుకోలేదమ్మా. ఇప్పుడు నన్ను వంటింట్లోకి రానివ్వట్లేదు. చేయనీ, మంచిదే. కానీ నిన్న బియ్యం కొలుస్తూ లాభం, రెండు అన్నారు. మా ఇంటా వంటా లేని మాట. ఎక్కడ నేర్చారండీ అంటే, నేర్చుకోవడమేంటే, ఎప్పుడూ ఇంతే కదా అన్నారు." ఆవిడ గొంతు తగ్గించింది. "పక్కన పడుకుంటే కొత్త మనిషిలా ఉందమ్మా. ఎవరో ఆడమనిషి ఇంట్లో తిరుగుతున్నట్టుంది."

ఏం చెప్పను? నాకు నా సంగతే చెప్పుకోవడానికి భయంగా ఉంది. రోజూ పొద్దున్నే యంత్రం సరిగా ఉందో లేదో చూడటానికి, కుడివైపు బంగారమ్మని పెట్టి ఎడమ కుర్చీలో నేనే ఐదు నిమిషాలు కూర్చునేదాన్ని. అంతకుముందు ఆదివారం ఫోన్లో మాట్లాడుతూ వంటింట్లో తిరిగాను. ఫోన్ పెట్టేసి చూస్తే గట్టు మీద వంకాయ మెంతికారం, చింతపండు చారు, వార్చిన అన్నం ఉన్నాయి. కొంగు లేని నా చుడీదార్ నడుం దగ్గర నా చెయ్యి ఇంకా ఏదో సర్దుతోంది. చారు అద్భుతంగా ఉంది. భయంతోనే అంతా తాగేశాను.

ఎనిమిదో నెల, ఒక గురువారం సాయంత్రం ఐదింటికి బంగారమ్మ యంత్రం గదిలోకి వచ్చింది. కూతురు కుమారికి మగపిల్లాడు పుట్టి పదిరోజులైంది. మర్నాడు పురిటి స్నానం. ఆవిడ సెలవు పెట్టింది.

"అమ్మా, ఒక్కపాలి ఆ టోపీ ఎట్టి సూడు" అంది. "రేపు గుంటడికి నీళ్ళు పొయ్యాల. మా వాడలో పురిటి పిల్లలందరికీ నానే పోసేను. ఎంతమందో లెక్క లేదు. ఇప్పుడేటో గుండె జల్లుమంటంది. నా సేతులు నాయి గావనిపిస్తంది."

"కుమారితో చెప్పావా?"

"ఏటని సెప్పను? నవ్విపోద్ది. పురుడోసే ముసిల్దానికి నీళ్ళు పొయ్యడం రాదంట అని."

మా జాబితాలో ఇరవై ఆరో పని అదే, పసిబిడ్డకు నీళ్ళు పోయడం. టోపీ పెట్టాను. ఆవిడ కళ్ళు మూసుకుంది. చాలాసేపు మూసుకుంది. మీట నొక్కాను. నూరు.

"నిశ్చింతగా వెళ్ళు. నీకు కాకపోతే ఇంకెవరికి వచ్చు?" అన్నాను.

ఆవిడ మొహం వెలిగింది. నా గడ్డం పుణికి, మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు ఏడింటికి వచ్చాను. కుడి కుర్చీ ఖాళీ. రోగుల్ని వెనక్కి పంపడం ఎందుకు, మొదటిరోజు దాచిపెట్టిన బంగారమ్మ వరసలే కుడివైపు ఇస్తే సరిపోతుంది కదా అనిపించింది. పనిచేస్తుందో లేదో చూద్దామని ఎడమవైపు నిన్న సాయంత్రపు వరస ఇచ్చాను. అదే మనిషి, అదే పని. నూరు రావాలి.

మూడు వచ్చింది.

తీగలు ఊడదీసి మళ్ళీ పెట్టాను. మూడు. మిగతా పనులకి ఆ వారం వరసలు ఇచ్చి చూశాను. స్టవ్ పదకొండు. ముడి విప్పడం ఐదు. రోడ్డు దాటడం పద్దెనిమిది.

అప్పుడు గుర్తొచ్చింది తాత రాయి. ఉప్పునీళ్ళు తిని తిని ఆ రాయి అరిగిపోయింది. ఒక ఏడాది మా చేపలన్నీ ఎక్కువ తూగుతున్నాయని తాత మురిసిపోయాడు. మా నాయనమ్మ రాయిని చేతిలోకి తీసుకుని చూసి, "సరుకు పెరగలేదయ్యా, రాయి తరిగింది" అంది. రాయిని రాయితోనే తూస్తే ఎప్పటికీ సమానమే. ఎనిమిది నెలలు ఆవిణ్ణి ఆవిడతోనే తూచి నూరు నూరు అని చెప్పాను. రాజు గారికి పెరిగింది ఎక్కణ్ణుంచో కాదు. ఆవిడ దగ్గర్నుంచి పోయిందే. నలభై ముగ్గురికి పంచేశాం. హల్వా కూడా తిన్నాం.

గోడ గడియారం ఏడూ ఇరవై. పురిటి స్నానం ఎండ ముదరకముందే పోసేస్తారు.

బంగారమ్మ వాళ్ళుండే కొండ దిగువ కాలనీకి రెండువందల పది మెట్లు. ఎలా దిగానో తెలియదు. పైనుంచే వాళ్ళ పెరడు కనిపించింది. తాటాకు దడి, పొయ్యి మీద మసిపట్టిన డేగిశా, పొగ. పీట మీద బంగారమ్మ, చాచిన కాళ్ళు, ఆ కాళ్ళ మీద ఎర్రగా గుప్పెడంత పిల్లాడు. "బంగారమ్మా, ఆగు!" అని అరిచాను. సముద్రపు గాలి నా అరుపుని పక్కకి తీసుకుపోయింది.

దడి తోసుకుని వెళ్ళేసరికి ఆవిడ డేగిశాలోంచి చెంబు ముంచింది. కుతకుతా మరిగే నీళ్ళు. చన్నీళ్ళ బిందె పక్కనే ఉంది, మూత కూడా తియ్యలేదు. చెంబు పిల్లాడి పొట్ట మీదికి వంగుతోంది. ఆవిడ కళ్ళలో ఏమీ లేదు. తెలియని ఊళ్ళో బస్సు దిగిన మనిషిలా చూస్తోంది.

చెంబుని చేత్తోనే కొట్టాను. నీళ్ళు నా మణికట్టు మీద పడ్డాయి. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

పిల్లాడు చెంబు చప్పుడికి ఉలిక్కిపడి ఏడ్చాడు. ఒంటి మీద చుక్క పడలేదు. లోపల మంచం మీద నుంచి కుమారి, "ఏటమ్మా, ఏటైంది?" అని కేకేసింది.

"ఏటీ లేదే, సెంబు జారింది" అంది బంగారమ్మ. తర్వాత నాతో మెల్లగా అంది, "కాళ్ళు సాపేను. గుంటణ్ణేసేను. అక్కడితో ఆగిపోనాది అమ్మా. నీళ్ళు ఎంత ఏడిగుండాలో తెల్దు. అడుగుదారంటే సిగ్గేసింది. నువ్వు నూరన్నావు గదా, సెయ్యెడితే అదే వొచ్చేస్తాదనుకున్నాను."

పీట మీంచి ఆవిణ్ణి లేపాను. ఎందుకు కూర్చున్నానో నాకు తెలియదు. కాళ్ళు చాపుకున్నాను. నా జీవితంలో పసిపిల్లని రెండు నిమిషాలకి మించి ఎత్తుకోలేదు. నా ఎడమచెయ్యి భుజం మీదికి వెళ్ళి, లేని కొంగు లాగి నడుం దగ్గర దోపుకుంది. ఆ పైన అంతా చేతులే చేశాయి. నేను చూస్తూ కూర్చున్నాను.

వేణ్ణీళ్ళలో చన్నీళ్ళు తొలిపి, మోచెయ్యి ముంచి చూశాయి. ఇంకొంచెం తొలిపాయి. పిల్లాణ్ణి కాళ్ళ సందున సర్ది, నువ్వులనూనె మాడుకి అద్దాయి, చేతులూ కాళ్ళూ సాగదీశాయి, సున్నిపిండి పట్టించాయి. కళ్ళలోకి నీళ్ళు జారకుండా ఒక అరచెయ్యి వాడి నుదుటికి చూరులా అడ్డం నిలబడింది. "లాభం" అంది నా నోరు. మొదటి చెంబు పోశాను. "రెండు. మూడు." బోర్లా తిప్పి వీపు రుద్దాను. దిష్టి తీసిన నీళ్ళు పక్కకి పారబోశాను. సాంబ్రాణి పొగ వేస్తుండగానే వాడు నిద్రపోయాడు.

బంగారమ్మ గోడకి చేరబడి గొంతుక్కూర్చుని అంతా చూసింది. కళ్ళు ఆర్పకుండా, వింత చూసినట్టు చూసింది.

"ఎంత బాగా పోసినావమ్మా" అంది చివరికి. "ఎవులు నేర్పేరు నీకు?"

"నువ్వే బంగారమ్మా."

ఆవిడ తన అరచేతులు తిప్పి చూసుకుంది.

"నాకొచ్చేదా?" అంది.

నేను ఆ పెరట్లో, నిద్రపోతున్న పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, సిగ్గులేకుండా ఏడ్చాను.

పట్నాయక్ గారు అంకెలు చూశారు. మంచి మనిషే. "నలభై ముగ్గురిలో ఎవరిని వెనక్కి పిలుద్దాం హైమా? నువ్వే చెప్పు. రాజు గారిని పిలిచి, మీ చెయ్యి మళ్ళీ పడిపోవాలి అందామా?" అని అడిగారు. నా దగ్గరున్నది తిరిగిచ్చెయ్యడానికి మాత్రం ఎవర్నీ అడగక్కర్లేదు. కేంద్రం మూసేసి, యంత్రం విప్పే లోపు నాకు పదకొండు రోజులిమ్మన్నాను. ఇచ్చారు.

కుర్చీలు మార్చాను. ఎడమవైపు బంగారమ్మ, కుడివైపు నేను. పదకొండు పొద్దుటిపూటలు, అలవాటు చొప్పున జాబితా మొత్తం మొదటి నుంచి చివరి దాకా నడిపించాను. మొదటిరోజు దాచిన వరసతో పక్కన పెట్టి తూస్తే ఆఖరికి ఆవిడకి డెబ్భై ఆరు వచ్చింది. మిగతా ఇరవై నాలుగూ నలభై మూడు ఇళ్ళలో ఉంది. రాజు గారింట్లో ఇవాళ్టికీ బియ్యం లాభంతోనే మొదలవుతుంది. అయినా బంగారమ్మ మనవడికి తన చేత్తో నీళ్ళు పోసింది. నేను దడి పక్కన నిలబడి చూశాను. నాకు ఆ విద్య పోయింది. నూడుల్స్ దగ్గరికి తిరిగొచ్చాను. అది నాది కాదు కాబట్టి బాధ లేదు.

యంత్రం ముక్కలై పెట్టెల్లోకి వెళ్ళిపోయాక కేంద్రం మళ్ళీ తెరిచారు. ఆ ఉదయం హాజరు పట్టీ దగ్గర బంగారమ్మ నన్ను చూసి చిన్నపిల్లలా చెయ్యి ఊపింది.

"అమ్మా, బేగి రా! సంతకం వొచ్చేసింది నాకు! నిన్న ఊరికే పెన్ను అట్టుకుంటే వొచ్చేసింది!"

ఆవిడ వరసలో, ఎప్పుడూ వేలిముద్ర ఉండే చోట, నల్లసిరాతో ఒక సంతకం ఉంది. కొంచెం వెనక్కి వాలిన హ, గబగబా నడిచిన మిగతా అక్షరాలు, కింద ఒక పొడుగాటి గీత, ఆ గీత చివర రెండు చుక్కలు. ఆ చుక్కలు నేను తొమ్మిదో తరగతిలో ముచ్చటపడి పెట్టుకున్నవి.

నలభయ్యో పని. కుడి కుర్చీలో ఆవిడ ఉన్నన్నాళ్ళూ దాన్ని కొట్టేసి ఉంచాం. కుర్చీలు మార్చినప్పుడు కొట్టెయ్యాలని నాకు తట్టలేదు.

"చాలా బాగుంది బంగారమ్మా" అన్నాను. అబద్ధం కాదు. ఆవిడ మొహం చూస్తే నిజంగానే సంతోషమేసింది. నా వరస దగ్గరికి వచ్చి పెన్ను తీసుకున్నాను. నాకేం భయం, ఇరవై ఏళ్ళకి పైగా పెడుతున్న సంతకం. మొన కాగితం మీద పెట్టాను.

అక్కడితో ఆగిపోయింది.

వెనక ఎవరో వరసలో నిలబడి దగ్గారు. సిరా చుక్క ఒకటి దిగి కాగితం మీద పాకుతోంది. బంగారమ్మ ఆ చుక్కని చూసింది, నా చేతిని చూసింది, తను పెట్టిన సంతకాన్ని ఇంకోసారి చూసుకుంది. ఆవిడ మొహంలో వెలుగు మెల్లగా ఆరిపోయింది. నా వేళ్ళలోంచి పెన్ను తీసి పక్కన పెట్టింది. సిరా డబ్బా మూత తీసి, నా బొటనవేలు పట్టుకుంది.

"సిగ్గెందుకమ్మా" అంది. "మొదటిపాలి సల్లగుంటాది, అంతే."